నాలుగు మాటలు: ముందు చక్రం కడచీల

కైకేయి కథ మన ఇళ్ళల్లో చిన్నపిల్లలకు కూడా తెలిసినదే. శంబరాసురుడితో యుద్ధం జరుగుతూ ఉండగా దశరథ మహారాజుగారి రథచక్రానికి కడచీల ఊడిపోయిందట. పక్కనే ఉన్న కైకేయి తన వేలు ఇరుసు కంతలో దూర్చి చక్రం జారిపోకుండా కాపాడిందట. ఆ మెచ్చుకోలుకు రాజుగారు రెండు వరాలు ఇచ్చారనీ, ఆ వరాల మూలంగానే రాములవారు అడవికి పోవలసి వచ్చిందనీ హరిదాసులు చెప్పగా విన్నాము. వాల్మీకంలో ఆమె రాజును యుద్ధభూమి నుంచి తప్పించి తీసుకుపోయిందని ఉన్నదే గాని ఈ వేలు సంగతి లేదు. అది మన జనం చేర్చుకున్న ముచ్చట. చేర్చినవాడెవడోగాని బండి కష్టం బాగా తెలిసినవాడు. జానెడు పొడవు లేని చీల ఒకటి ఊడినందుకు ఎంత కథ నడిచిందో చూడండి.

పోయిన నెల మా ఇంట్లోనూ కైకేయి వేలు అవసరం పడేటంత పని అయింది. అది చెప్పుకోవడానికే ఈ మాసం కలం పట్టాము.

మా మేనల్లుడు ఒకడు మా వీధిలోనే కాపురం ఉంటాడు. శనివారం సాయంత్రం వాడి మోటారుసైకిలు ముందు టైరు పంక్చరయితే, దారిలో ఒక దుకాణంలో చక్రం విప్పించి, బాగు చేయించి తెచ్చుకున్నాడు. మర్నాడు ఆదివారం. భార్యనూ, మూడేళ్ళ పాపనూ ఎక్కించుకుని ఉద్గీరు బాటలో ఉన్న ఖానాపురం మైలార మల్లన్న దర్శనానికి బయలుదేరాడు. పాపను పెట్రోలు టాంకు మీద కూర్చోబెట్టుకుని, "పోయొస్తం మామా" అని చెప్పడానికి మా గుమ్మం ముందు ఆగాడు. ఆగడానికి ముందు బ్రేకు పట్టాడు గదా, అప్పుడు ముందు చక్రం దగ్గర 'టక్' మని ఒక చప్పుడు వినిపించింది. బండి కొంచెం ముందుకు తోసి మళ్ళీ బ్రేకు పట్టమన్నాము. మళ్ళీ 'టక్'.

వంగి చూశాము. ఇరుసు చివరన ఉన్న నట్టు మీద వేలు పెట్టి తిప్పితే తిరిగింది! పానా అక్కరలేదు, జాడీ మూతలాగా చేతితోనే తిరిగింది. మా మేనల్లుడి మొహం పాలిపోయింది. "నిన్ననే బిగించిండు గద మామా, నేను నిలబడే చూసిన" అన్నాడు. వాడి భార్య ఏమీ అనకుండా పాపను దింపి చంక నెత్తుకుని మా ఇంట్లోకి వెళ్ళిపోయింది. ఆ పూట మల్లన్న దర్శనం లేదు.

సోమవారం ఆఫీసు నుంచి వస్తూ వాడితో కలిసి ఆ దుకాణానికి వెళ్ళాము. పోట్లాడదామని కాదు, ఎట్లా జరిగిందో తెలుసుకుందామని. చక్రం ఎక్కించింది ఒక కుర్రవాడు. నట్టు చేతితో పట్టించి పానా కోసం లోపలికి వెళ్ళాడు. అదే సమయానికి ఇంకొక బండి వచ్చింది. పెద్ద మేస్త్రీ వాడిని అటు పిలిచాడు. నట్టు బిగిసిందని మేస్త్రీ అనుకున్నాడు, మేస్త్రీ చూస్తాడులే అని కుర్రవాడు అనుకున్నాడు, ఇద్దరూ చూశారని మా మేనల్లుడు అనుకున్నాడు. ముగ్గురూ మంచివాళ్ళే, నట్టు మాత్రం వదులుగానే ఉండిపోయింది.

మేము పాతికేళ్ళుగా ఫైళ్ళు మోసినవాళ్ళము. మా లోకంలో ఒకరు రాస్తారు, మరొకరు సరిచూసి సంతకం పెడతారు. ఈ రెండో సంతకం వల్ల పని ఆలస్యమవుతుందని ఊరంతా మమ్మల్ని ఆడిపోసుకుంటుంది. ఆ సోమవారం నాడు మాత్రం రెండో సంతకం విలువ మాకే కొత్తగా బోధపడింది. మన ఊరి ఆకాశంలో సూర్యకిరణ్ విమానాలు ఒకదాని రెక్క పక్కన ఒకటి ఎగురుతూ ఉంటే మనం మేడలెక్కి చూస్తాము. 1996లో ఆ జట్టు పుట్టింది మన బీదరు విమాన స్థావరంలోనే. విమానాల మరమ్మతులో పద్ధతి ఏమిటంటే, ముఖ్యమైన బోల్టు ఒకరు బిగిస్తే మరొకరు తనిఖీ చేసి పుస్తకంలో సంతకం పెట్టాలి. పైగా చాలా చోట్ల ఆ బోల్టు తిరిగిపోకుండా సన్నని తీగతో కట్టివేస్తారు. నేల మీద తిరిగే బండికి అంత తతంగం ఎవరూ పెట్టరు. కాబట్టి రెండో సంతకం బండి యజమానే పెట్టుకోవాలి. పెట్టాలంటే సంగతి కొంత తెలిసి ఉండాలి గదా! మేము ఆ మేస్త్రీనే అడిగి, బండితో వచ్చిన పుస్తకం తిరగేసి తెలుసుకున్నది ఇక్కడ మనవి చేస్తున్నాము.

ఎద్దుబండికీ మోటారుసైకిలుకూ ఇరుసు విషయంలో ఒక పోలిక, ఒక తేడా ఉన్నాయి. పోలిక ఏమంటే, రెండింటిలోనూ ముందు ఇరుసు తిరగదు. చక్రమే ఇరుసు మీద తిరుగుతుంది. తేడా ఏమంటే, ఎద్దుబండికి కడచీల దేనినీ నొక్కి పట్టదు. చక్రం జారిపోకుండా అడ్డం ఉంటుంది, అంతే. చక్రం కాస్త అటూ ఇటూ ఊగినా ఎద్దులకూ బాధ లేదు, బండివానికీ బాధ లేదు. మోటారుసైకిలుకు అట్లా కుదరదు. ముందు ఫోర్కుకు రెండు కాళ్ళు ఉంటాయి. ఆ రెంటినీ కింద కలిపి ఒకే కాలులాగా చేసేది ఈ ఇరుసే. అది బిగిసి ఉంటేనే రెండు కాళ్ళూ ఒక్క మాట మీద నడుస్తాయి. వదులైతే ఎవరి దారి వారిదే. హాండిలు ఒక పక్కకు తిప్పితే చక్రం ఒక క్షణం ఆలస్యంగా తిరుగుతుంది, బ్రేకు పట్టితే టక్కుమంటుంది. మేము విన్న చప్పుడు అదే.

ఇరుసు ఏమేమి దాటిపోతుందో వరుసగా చూడండి. మామూలు నూరు సీసీ డ్రమ్ము బ్రేకు బండిలో ఇరుసు ఒక ఫోర్కు కాలిలో దూరి, బ్రేకు పలకనో స్పీడు చూపే గేరు పెట్టెనో దాటి, చక్రపు కుండలో ఉన్న ఒక బేరింగు లోపలి గాజులోంచి, ఆ పైన రెండు బేరింగుల మధ్య ఉండే గొట్టంలోంచి, రెండో బేరింగు లోపలి గాజులోంచి, చిన్న బుష్షులోంచి పోయి రెండో ఫోర్కు కాలిలోంచి బయటికి వస్తుంది. అక్కడ నట్టు. నట్టు బిగించినప్పుడు ఈ వరుసలో ఉన్నవన్నీ దండలో పూసల్లాగా ఒకదానినొకటి నొక్కుకుని ఒకే కడ్డీలాగా అయిపోతాయి. బేరింగు బయటి గాజు, దానితోపాటు చక్రం మాత్రం హాయిగా తిరుగుతూ ఉంటాయి. అందుకే నట్టు ఎంత బిగించినా చక్రం పట్టేయకూడదు. పట్టేసిందంటే దండలో ఏదో ఒక పూస తప్పిపోయిందన్నమాట. ఒక బుష్షు నేల మీద పడి ఉండవచ్చు, మధ్య గొట్టం మరిచిపోయి ఉండవచ్చు. అప్పుడు నట్టు కొంచెం వదులు చేసి "ఇప్పుడు తిరుగుతోంది" అని సరిపెట్టేవారు ఉన్నారు. అది రోగం వదిలిపెట్టి జ్వరపు సీసా పగలగొట్టడం వంటిది.

ఇరుసును పట్టి ఉంచే పద్ధతులు ముఖ్యంగా మూడు. మొదటిది మన వీధుల్లో ఎక్కువగా కనబడేది. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100 లాంటి బళ్ళు, 1994లో వచ్చిన స్ప్లెండరు, వాటి తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అన్నీ ఈ తెగవే. ఇరుసుకు ఒక చివర తల, రెండో చివర మర, దానికి నట్టు. కొన్నిటికి నట్టు లోపల నైలాను వలయం ఉంటుంది. అది మరను కరుచుకుని నట్టు తనంతట తాను తిరగకుండా చేస్తుంది. విప్పి బిగించగా బిగించగా ఆ వలయం అరిగిపోతుంది. చేతితోనే చివరిదాకా తిరిగే నట్టయితే మార్చివేయాలి. మరికొన్నిటికి నట్టు మీద కోట బురుజుల్లాగా గాట్లు ఉంటాయి; గాటులోంచి ఇరుసు కంతలోకి చీలిక పిన్ను దూర్చి చివరలు వంచుతారు. మన కడచీలకు ఇదే సాక్షాత్తూ మునిమనుమడు. బిగించిన తరువాత గాటూ కంతా ఎదురెదురు కాకపోతే నట్టును వెనక్కు తిప్పకూడదు, తరువాతి గాటు వచ్చేదాకా ముందుకే తిప్పాలి. పాత పిన్ను తిన్నగా చేసి మళ్ళీ పెట్టకూడదు. వంగి లేచిన ఇనుము విరగడానికి సిద్ధంగా ఉంటుంది.

రెండోది పాత బుల్లెట్టు పద్ధతి. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డు ఇండియా వెలిసిన నాటి నుంచి చాలా కాలం నడిచింది. ఫోర్కు కాలి అడుగు భాగం రెండు చెక్కలుగా ఉంటుంది. పై చెక్క కాలితోనే ఉంటుంది. కింది చెక్క టోపీలాగా విడివడి వస్తుంది. ఇరుసును మధ్యలో పెట్టి, టోపీ వేసి, ఒక్కో కాలికి రెండేసి నట్లు బిగిస్తారు. ముందు నట్టు పూర్తిగా బిగించి తరువాత వెనకది పట్టుకోకుండా రెంటినీ కొంచెం కొంచెంగా, మార్చి మార్చి బిగించి ముందూ వెనకా సందు సమంగా ఉండేటట్లు చూడాలి. అయితే కొన్ని ఇతర బళ్ళ టోపీల మీద బాణం గుర్తు ఉంటుంది. వాటికి ముందువైపు నట్టే మొదట పూర్తిగా బిగించి, సందు వెనకవైపున వదలాలి. గుర్తు ఉన్నప్పుడు గుర్తు చెప్పినట్లు వినడమే మర్యాద.

మూడోది ఈనాటి పెద్ద బళ్ళలో కనబడేది. ఇరుసు ఒక కాలిలోకి మరతో నేరుగా దిగుతుంది. రెండో కాలు చీలిక పెట్టిన ఉంగరంలాగా ఉండి, చిన్న బోల్టుతో ఇరుసును గిల్లి పట్టుకుంటుంది. ఇక్కడ మొదట ఇరుసును పూర్తిగా బిగించాలి. గిల్లే బోల్టు వదులుగానే ఉంచి, బండి నేల మీద నిలబెట్టి, ముందు బ్రేకు పట్టుకుని హాండిలు మీద బరువు వేసి నాలుగైదుసార్లు కిందికి నొక్కి వదలాలి. అప్పుడు రెండో కాలు ఇరుసు మీద జరిగి తన చోటు తాను వెతుక్కుంటుంది. ఆ తరువాతనే గిల్లే బోల్టు బిగించాలి. ముందే బిగించితే ఆ కాలు వంకరలోనే ఉండిపోయి ఫోర్కు సాఫీగా లేచి దిగదు. ఈ బోల్టు మీద ప్రతాపం చూపించకూడదు. కాలు అల్యూమినియందయితే పగులుతుంది.

ఇక 'ఎంత గట్టిగా?' అన్న ప్రశ్న. మన బీదరులో మరమ్మతు భాష ఒకటున్నది. 1956 నవంబరులో హైదరాబాదు రాష్ట్రం విడిపోయి మన జిల్లా మైసూరులో కలిసింది గాని, మెకానిక్కుల భాష మాత్రం ఎటూ విడిపోలేదు. పానా అందరిదీ ఒకటే. ఉర్దూవారు 'కస్' అంటారు. కన్నడమైనా తెలుగైనా 'బిగి' ఒకటే. ఏ భాషలో అన్నా ఎంత అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. "గట్టిగా" అంటారు. ఎవరి గట్టి? పహిల్వాను గట్టి వేరు, పన్నెండు గంటలు పనిచేసి అలసిన కుర్రవాడి గట్టి వేరు.

దీనికి అంకె ఉన్నది. బండి పుస్తకంలో న్యూటన్ మీటర్లలో గాని కిలోగ్రాము మీటర్లలో గాని రాసి ఉంటుంది. చిన్న బళ్ళ ముందు ఇరుసు నట్టుకు ఇది సాధారణంగా 45 నుంచి 70 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. మీ బండికి మీ పుస్తకమే ప్రమాణం. 60 అనుకోండి. 30 సెంటీమీటర్ల పానా చివర 20 కిలోల బరువంత బలంతో లాగితే 60 అవుతుంది. 15 సెంటీమీటర్ల పొట్టి పానా అయితే 40 కిలోలు లాగాలి. అందుకే పొట్టి పానాతో బిగించినది తరచు వదులే. అదే పానాకు గొట్టం తొడిగి 60 సెంటీమీటర్లు చేసి ఆ 40 కిలోలే లాగినవాడు, కావలసిన దానికి దాదాపు నాలుగింతలు బిగించినట్లు లెక్క. ఆ దెబ్బకు మర తెగుతుంది, లోపలి గొట్టం నలుగుతుంది.

మర లోపల జరిగేది కూడా వింతే. నట్టు బిగిసినప్పుడు ఇరుసు వెంట్రుకవాసి సాగుతుంది. సాగినది మళ్ళీ కుదురుకోవాలని లాగుతూ ఉంటుంది. ఆ లాగుడే పట్టు. సాగిన కొద్దీ బలం పెరుగుతుందని 1678లో రాబర్ట్ హుక్కు దొర చెప్పిన సూత్రమే ఇది. అయితే మనం పానా మీద పెట్టిన శ్రమలో సుమారు 90 పాళ్ళు రాపిడికే పోయి, మిగిలిన 10 పాళ్ళే పట్టుగా మారుతుంది. అందుచేత మరకు తుప్పు ఉంటే అంకె చేరినా పట్టు రాదు. మరకు నూనె పూస్తే అదే అంకెకు ఇరుసు ఎక్కువ సాగుతుంది. పుస్తకం చెప్పకపోతే మరను శుభ్రంగా తుడిచి పొడిగా ఉంచండి. గ్రీజు ఇరుసు నడుముకు పలుచగా పూస్తే చాలు.

అంకె చూపించే పానా ఒకటుంది, టార్కు రెంచి అంటారు. 1918లో తాను దీనిని తయారు చేశానని న్యూయార్కు నగర నీటి శాఖలో పనిచేసిన కాన్రాడ్ బార్ అనే ఆయన చెప్పుకున్నాడు. గొట్టాల బోల్టులు మనుషులు తోచినంత బిగించి విరగ్గొడుతూ ఉంటే విసిగి చేశాడట. అంటే ఇదీ ఒక ప్రభుత్వోద్యోగి బాధలోంచి పుట్టినదే. మా జాతికి కాస్త గర్వంగానే ఉన్నది. మీ మెకానిక్కు దగ్గర ఉంటే దానితోనే బిగించమని అడగండి. అడగడానికి మొహమాటం వద్దు.

ఇప్పుడు ఇంట్లో చేయవలసిన రెండో సంతకం. చక్రం విప్పి ఎక్కించిన ప్రతిసారీ దుకాణం గుమ్మంలోనే అయిదు నిమిషాలు ఆగి ఇవి చూసుకోండి.

మొదటిది, డ్రమ్ము బ్రేకు బండి అయితే బ్రేకు పలకకు ఒక గాడి, ఫోర్కు కాలికి ఒక మొటిమ ఉంటాయి. మొటిమ గాడిలో కూర్చున్నదా లేదా చూడండి. అన్నిటికంటె ముఖ్యం ఇదే. కూర్చోకపోతే బ్రేకు పట్టగానే పలక చక్రంతోపాటు తిరగబోతుంది, చక్రం నిలబడిపోతుంది, మనిషి ముందుకు పడతాడు. రెండవది, స్పీడు గేరు పెట్టె నాలుకలు కుండ గాట్లలో పడ్డాయా చూడాలి. పడకుండా బిగిస్తే నలిగిపోతుంది. మూడవది, నట్టు బిగించేటప్పుడు ఇరుసు తలను ఇంకొక పానాతో పట్టుకున్నారా? పట్టుకోకపోతే ఇరుసే గిరగిర తిరిగి, బిగిసినట్లు భ్రమ కలుగుతుంది. నాలుగవది, బండిని నడిమి స్టాండు మీద పెట్టి, వెనక ఒకరు కూర్చుంటే ముందు చక్రం లేస్తుంది. చక్రాన్ని రెండు చేతులతో పట్టి అటూ ఇటూ ఊపండి. ఆడకూడదు. తిప్పండి. సాఫీగా తిరగాలి. అయిదవది, డిస్కు బ్రేకు బండి అయితే కదలబోయే ముందు బ్రేకు పిడి గట్టిపడేదాకా నాలుగైదుసార్లు నొక్కండి. చక్రం తీసి పెట్టినప్పుడు లోపలి పలకలు దూరం జరిగి, మొదటిసారి బ్రేకు పట్టకపోవచ్చు.

అన్నీ అయిన తరువాత నట్టు మీద నుంచి ఇరుసు చివర మీదికి రంగుతో ఒక గీత గీయండి. నట్టు కదిలితే గీత విరుగుతుంది. వంగి చూస్తే చాలు, పానా అక్కరలేదు. చక్రం విప్పి ఎక్కించాక కొన్నాళ్ళపాటు రోజూ ఒకసారి చూసుకోవడం మంచిది.

తరువాతి ఆదివారం మా మేనల్లుడు మైలారం వెళ్ళివచ్చాడు. బయలుదేరే ముందు వాడి భార్య లోపలి నుంచి ఎర్రని గోళ్ళరంగు సీసా తెచ్చి, చీర కుచ్చిళ్ళు ఎగగట్టుకుని వీధిలో కూర్చుని, తానే ఆ గీత గీసింది. ఆ తరువాత గాని పాపను బండి ఎక్కించలేదు. ఇప్పుడు రోజూ పొద్దున వాడు ఆఫీసుకు పోయే ముందు గుమ్మంలో నిలబడి ఆ గీత వంక ఒకసారి చూస్తుందట. వాడికి కొంచెం నామోషీగానే ఉన్నదని మా దగ్గర వాపోయాడు. "వరాలేమన్నా అడిగిందా?" అన్నాము. "ఇంకా లేదు మామా" అన్నాడు.

అడిగేలోగా పాఠక మహాశయులు కూడా మీ మీ బళ్ళ దగ్గరకు వెళ్ళి ఒక్కసారి వంగి చూసుకోవలసిందిగా మనవి. వచ్చే మాసం మళ్ళీ కలుసుకుందాము.